మాటల పట్టికయు మనుష్యుని బుద్ధియు

వృద్ధాప్యమున మతి తప్పుచున్న మనుష్యుని వైద్యునియొద్దకు గొనిపోయినపుడు ఆ వైద్యుడు తెలిసికొనవలసిన విషయములు రెండు కలవు. ఇతని బుద్ధి నేడెట్లున్నది యనునది యొకటి. వ్యాధి సోకుటకు పూర్వ మెట్లుండెను అనునది రెండవది. మొదటిది పరీక్షించి తెలిసికొనదగినదే. రోగి యెదుటనే కూర్చుండియున్నాడు. రెండవదానికి ప్రత్యక్షప్రమాణము లేదు. పదియేండ్ల క్రిందటి మనుష్యుని నేడు పిలిచి ప్రశ్నించుట యెవరి తరమును గాదు. అయినను ఈ రెండవది తెలియనిచో మొదటిదానికి అర్థమే లేదు. నూటికి అఱువది మార్కులు తెచ్చుకొన్నవాడు పూర్వము తొంబది తెచ్చుకొనువాడైనచో అది గొప్ప నష్టము. ఎన్నడును అఱువదికి మించనివాడైనచో అది నష్టమే కాదు. వైద్యుడు వ్రాసి యిచ్చు తీర్పు ఈ పోలికపైననే నిలిచియున్నది.

తెలియరాని యీ పూర్వస్థితిని ఊహించుటకు పాశ్చాత్యదేశముల వైద్యశాలలలో ఒక చిన్న పరీక్ష నలువదేండ్లకు పైగా వాడుకలో నున్నది. రోగి చేతికి ఒక మాటల పట్టిక నిత్తురు. ఆ మాటలను పైకి చదువుమందురు. ఎన్ని తప్పులు పోయినవో లెక్కించి, ఒక సూత్రమునుబట్టి అతని పూర్వపు ప్రజ్ఞాలబ్ధి యింత యని చెప్పుదురు. పని కొన్ని నిమిషములలో ముగియును. ఇంత సులభమైన కొలత మన దేశమునకును మన భాషకును ఎంతవఱకు చెల్లునో విచారించుటయే ఈ వ్యాసమున మేము తలపెట్టిన పని. ఇది పండితులు తమలో తాము తేల్చుకొనదగిన విషయము గదా, గృహస్థుల కేల యని కొందఱు అడుగవచ్చును. తల్లిదండ్రులను వెంటబెట్టుకొని వైద్యశాల మెట్లెక్కువారు గృహస్థులే. వారి చేతికి వచ్చు కాగితముపై నున్న అంకె యెక్కడనుండి పుట్టినదో తెలిసికొను హక్కు వారికి గలదు.

మూలపరీక్షను కూర్చినది హేజెల్ నెల్సన్ అను ఆంగ్లవనిత. ఒక సహోద్యోగితో కలిసి 1978 లో దీనినిగూర్చి వ్యాసము ప్రకటించి, 1982 లో పరీక్షను పుస్తకరూపమున వెలువరించెను. ‘నేషనల్ అడల్ట్ రీడింగ్ టెస్టు’ అని దాని పేరు. అందు మాటలు యాబది. అవి యేరికోరి తీసిన మాటలు. వ్రాత యొకవిధముగను పలుకు మఱియొకవిధముగను ఉండునవి. అప్పు అను నర్థముగల ‘డెట్’ అను మాటలో ‘బి’ యను నక్షరమును వ్రాయుదురు గాని పలుకరు. ఇట్టివే తక్కినవియు. ఆంగ్లము నేర్చుకొన్న మన పిల్లలందఱును ఈ బాధ నెఱిగినవారే. నేర్పువారు అంతకంటె బాగుగ నెఱుగుదురు.

ఆమె యుక్తి యిది. ఇట్టి మాటను అక్షరములు కూడబలుకుకొని చదువబోయినవాడు తప్పక తప్పు చదువును. సరిగా చదివినవాడు ఆ మాటను పూర్వమెప్పుడో విని, చూచి, మనస్సున నిలుపుకొన్నవాడై యుండవలయును. కావున సరియైన యుచ్చారణ పూర్వవిద్యకు గుర్తు. డిమెన్షియా యను వ్యాధి తొలుత క్రొత్త విషయముల జ్ఞాపకమును, ఆలోచనా క్రమమును పాడుచేయును గాని, చిరకాలాభ్యాసముచే స్థిరపడిన చదువును చాలనాళ్లవఱకు ముట్టదు. మనుమని పేరు మఱచిన తాత చేతికిచ్చిన పత్రికను తడబడక చదువుట మన యిండ్లలో పలువురు చూచినదే. కూలిన యింటి పునాదులనుబట్టి ఆ యిల్లెంతదో చెప్పినట్లు, మిగిలియున్న చదువునుబట్టి పోయిన బుద్ధిని లెక్కగట్టవచ్చునని ఆమె తలచెను.

ఇది వట్టి యూహ యని త్రోసివేయుటకు వీలు లేదు. దీనికి స్కాట్లండునుండి గట్టి సాక్ష్యమే లభించినది. ఆ దేశమున 1932 జూను 1వ తేదీన, 1921 లో పుట్టి ఆనాడు బడికి వచ్చిన పిల్లల కందఱకును ఒకే దినమున ఒకే బుద్ధిపరీక్ష పెట్టిరి. వ్రాసినవారు 87,498 మంది. ఆ కాగితములు భద్రముగ నుండెను. అప్పటి పదునొకండేండ్ల పిల్లలు ముదుసలులైన పిదప, వారిలో దొరికినవారిని వెదకి పట్టుకొని మాటల పట్టికను చదివించిరి. బాల్యమునందలి మార్కునకును వార్ధక్యమునందలి చదువునకును ఉన్న సహసంబంధము సుమారు 0.6 అని 2004 లో ప్రకటింపబడెను. డిమెన్షియా సోకినవారియందును సోకనివారియందును ఆ యంకె యించుమించుగ నొక్కటియే. అఱువది యేండ్లకు పైబడిన కాలవ్యవధిని దాటి ఒక కొలత ఇట్లు నిలుచుట సామాన్యవిషయము కాదు. అయినను 0.6 ను చూచి మురియువారు దానిని వర్గముచేసి చూడవలెను. 0.36 వచ్చును. అనగా మనుష్యునికిని మనుష్యునికిని గల భేదములో మూడింట నొకవంతునకు కొంచెము మించి మాత్రమే ఈ పట్టిక చెప్పగలిగినది, తక్కినది చెప్పలేనిది. అదియును పిల్లలందఱును ఒకేభాష మాటలాడుచు, ఒకేవిధమైన బడులలో చదివిన చిన్న దేశమున.

సూత్రమును కూడ చదువరుల యెదుట నుంచుట మంచిది. నెల్సన్ మొదటి లెక్క ప్రకారము 127.7 నుండి తప్పునకు 0.826 వంతున తీసివేయవలెను. 1991 లో సవరించిన లెక్క ప్రకారము 130.6 నుండి తప్పునకు 1.24 వంతున తీసివేయవలెను. ఒక్క మాటయు చదువలేనివాని అంకె యెంత? మొదటి లెక్కచే 86, రెండవ లెక్కచే 69. ఆ రెండు సూత్రములు రెండు వేఱువేఱు ప్రజ్ఞాపరీక్షల కూర్పులకు సరిపోవునట్లు గట్టినవను మాట నిజమే. ఆంగ్లము మాతృభాషగా గలవారికొఱకే పరీక్ష యేర్పడినదనియు మేమెఱుగుదుము. కాని యంకెకు ఒక గుణము గలదు: కాగితముపై కెక్కిన పిమ్మట తాను పుట్టిన షరతులను వెంట తెచ్చుకొనదు. నోరు తెఱవని ఒకే మనుష్యుడు ఒక లెక్కలో సామాన్యునికంటె కొంచెము తక్కువవాడు. వేఱొక లెక్కలో, బుద్ధిమాంద్యమునకు వాడుకగా గీయు 70 అను గీతకు దిగువవాడు. 2001 లోను 2009 లోను అమెరికాలో వెలువడిన పరీక్షలు మాటలను మార్చినవి, సంఖ్యను ఒకదానిలో డెబ్బదికి పెంచినవి, వయస్సు చదువు మున్నగువానిని సూత్రమున చేర్చినవి. మూలయుక్తి మాత్రము మాఱలేదు.

ఇక మన తెలుగుమాట. నెల్సన్ యుక్తి యంతయు ఆంగ్లలిపియొక్క అవకతవకలపై నిలిచినది. మన లిపికి ఆ దోషము లేదు. దోషము లేకుండుటయే యిక్కడ చిక్కు. అఆలు, గుణింతములు, ఒత్తులు నేర్చిన బాలుడు తానెన్నడును వినని ‘కింకర్తవ్యతావిమూఢుడు’ అను మాటను సైతము కొంచెము నిదానించి సరిగా చదువగలడు. దాని యర్థ మతనికి తెలియదు. తెలియవలసిన పనియు లేదు. పెద్దతిప్పసముద్రములో బడిపంతులుగా మేము దినదినమును చూచుచున్నది యిదే. దినపత్రికలోని సంపాదకీయమును గడగడ చదివిన పిల్లవాని ‘ఏమి వ్రాసినారురా?’ యని యడిగినచో తెల్లమొగము వేయును. అర్థము తెలియక వల్లించుట మన దేశమున ప్రాచీనవిద్య. మన లిపి దానికి ఎల్లప్పుడును తోడ్పడినది. ఇట్టి లిపిలో యాబది మాటల పట్టికను కూర్చి యిచ్చినచో, రెండవ తరగతిలో బడి మానినవాడును, పట్టభద్రుడును ఇద్దఱును యాబదికి యాబది తెచ్చుకొందురు. ఆంగ్లసూత్రము ప్రకారము అందఱును మేధావులే యగుదురు. కాబట్టి ఆంగ్లపట్టికను తెలుగులోనికి మార్చి వాడుటయనునది మాట కాదు.

అయితే తెలుగులోను వ్రాతనుబట్టి పలుకు తెలియని మాటలు బొత్తిగా లేవా? కొన్ని కలవు. భాషాభిమానులకు ఇది రుచించు విషయము గనుక కొంచెము నిలిచి చెప్పుదుము. మన చకార జకారములు రెండు విధములు: తాలవ్యములు, దంత్యములు. అన్నములో కలుపుకొను ‘చారు’ నందలి చకారము దంత్యము. ‘చారుశీల’ యందలి చకారము తాలవ్యము. పండుకొను ‘చాప’ దంత్యము. విల్లను నర్థముగల ‘చాపము’ తాలవ్యము. ‘జాలి’ యొకవిధము, ‘జాతి’ మఱియొకవిధము. అక్షరములో భేదము లేదు; మాట తెలిసినవానికే పలుకు తెలియును. ఈ భేదమును చిన్నయసూరి బాలవ్యాకరణమున చెప్పెను. బ్రౌను దొర 1852 నాటి నిఘంటువున దంత్యములకు ప్రత్యేకమైన గుర్తునే పెట్టెను. ఆ గుర్తు వాడుకలో నిలువలేదు. అట్లే ‘చిహ్నము’, ‘బ్రాహ్మణుడు’ అను మాటలలో హకారము ముందు వ్రాయుదుము. చాలమంది నకార మకారములనే ముందు పలుకుదురు. ‘జ్ఞ’ కారముయొక్క కథ వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఈ సామగ్రితో తెలుగున కొక పట్టికను కూర్చుట మావంటివారికి ఒక మధ్యాహ్నపు పని. కూర్చినచో అది కొలుచునదేమి? ‘చారు’ పదమును రెండువిధముల పలుకుటకు ఇంటిలో సంస్కృతపు గాలి వీచియుండవలెను, లేదా వ్యాకరణము తెలిసిన యుపాధ్యాయుడు దొరికియుండవలెను. దంత్యోచ్చారణ ప్రాంతమునుబట్టియు మాఱును. నేటి యువకులలో చాలమంది యీ భేదమునే పాటింపరు. ఆ పట్టికలో అగ్రహారపు బాలుడు గెలుచును; మాలపల్లె బాలుడు ఓడును. పిమ్మట మనము ‘బుద్ధి’ యను పేరుపెట్టి ఆ భేదమును వైద్యశాల కాగితముపై వ్రాసికొందుము. పుట్టుకనుబట్టి విద్య దొరకిన దేశమున విద్యనుబట్టి బుద్ధిని గణించుట యెక్కడికి దారితీయునో చదువరులే యూహింతురు గాక. ఈ వెలుగులో ఆంగ్లపట్టికను మరల చూచినచో అదియు ఇట్టిదే యని తోచును. అందలి మాటలలో ఫ్రెంచి నుండియు గ్రీకు లాటిను భాషల నుండియు వచ్చినవి చాలయున్నవి. మంచి బడికి పోయిన బిడ్డలే వానిని విందురు.

ఇతరభాషలవారు ఈ చిక్కును ఎట్లు దాటిరో చెప్పుట న్యాయము. స్పెయిను భాషయు మనదివలె వ్రాసినట్లు పలుకబడునదే. ఆ దేశపు పండితులు 1997 లో, మాటలపై నుండవలసిన స్వరచిహ్నములను తీసివేసి, ఊనిక ఏ యక్షరముపై పడునో చెప్పుమని యడుగు పట్టికను కూర్చిరి. జపానువారు 2006 లో చీనా లిపినుండి వచ్చిన తమ చిత్రాక్షరముల సమాసములతో యాబది మాటల పరీక్షను వెలువరించిరి. ఎవరి లిపిలోని లోటును వారు సాధనముగ మలచుకొనిరి. ఇది మెచ్చదగిన పనియే. కాని స్పెయినులోను జపానులోను పెద్దవారిలో బడి మొగమెఱుగనివారు అరుదు. మన యూళ్లలో డెబ్బదియేండ్లు దాటిన స్త్రీలలో అక్షరములు వచ్చినవారిని వెదకవలసియుండును.

ఇప్పుడు అట్టి స్త్రీ నొకతెను ఊహింతము. మా ప్రాంతము కర్ణాటక సరిహద్దునకు సమీపమున నున్నది. ఇంట తెలుగు, సంతలో కన్నడము, ఇరుగుపొరుగున నున్న తురకవారితో ఉర్దూ మాటలాడువారు మా యూళ్లలో కొల్లలు. ఆమెయు అట్టిది. చేను చేసినది, మదనపల్లె మార్కెట్టునకు టమోటాలు తోలినది. పెట్టెలెన్ని, ధర యెంత, మండీవాడు పట్టుకొన్న కమీషనెంత, బాడుగ పోగా మిగిలినదెంత యను లెక్కను కాగితము లేకయే చేసినది. అంత చేసినయామె యిప్పుడు ఇచ్చిన డబ్బు నిచ్చిన చోటనే మఱచుచున్నది. కొడుకు ఆమెను బెంగుళూరునకో తిరుపతికో తీసికొనిపోయెను. అచ్చటి పరీక్షకుడు ఆమె పూర్వపు బుద్ధిని చదువునుబట్టి గణింపదలచినచో, అక్షరములు రావు గనుక అట్టడుగు అంకె వేయును. ఇప్పటి పరీక్షలోను ఆమెకు తక్కువ మార్కులే వచ్చును. రెండు తక్కువలు సరిపోయినవి! ‘క్రొత్తగ పోయినదేమియు లేదు, వయసుతో వచ్చు మఱపే’ యని యింటికి పంపుదురు. ఆమె పోగొట్టుకొన్నది మాత్రము ఎవరి లెక్కలోను చేరలేదు.

దీనికి విపరీతమైన పొరపాటు వేఱొకటి కలదు. తెలుగుమాటలను గడగడ చదివిన ముదుసలి గుమాస్తాకు పూర్వపుటంకె గొప్పగ వేసినచో, అతని యిప్పటి సామాన్యస్థితియే గొప్ప పతనముగ కనబడును. లేని వ్యాధి యతనికి అంటగట్టబడును, ఇంటిపెత్తనము చేజాఱును, సంతకమునకు విలువ పోవును, కుమారులు ఆస్తి కాగితములు ముందు పెట్టుకొని కూర్చుందురు. ఒకే సాధనము ఒకనికి ఉన్న వ్యాధిని దాచును, మఱియొకనికి లేని వ్యాధిని పుట్టించును. పాడైన తక్కెడ యెల్లప్పుడు ఒకేవైపు మొగ్గినచో దానికి సవరణ చేసికొనవచ్చును. చదువునుబట్టి మొగ్గువైపు మార్చుకొను తక్కెడ నేమి చేయుదుము?

అమెరికాలో ఈ సంగతి ఆలోచనాపరులను చాలకాలమునుండి కలవరపెట్టుచున్నది. అచ్చటి నల్లవారు బాల్యమున వేఱుబడులలో, తక్కువ దినములు, తక్కువ వసతులతో చదివినవారు. ఎనిమిదేండ్లు చదివితిమని చెప్పినను ఆ యెనిమిది తెల్లవారి యెనిమిదితో సమానము కాదు. జెన్నిఫర్ మాన్లీ యను పండితురాలు 2002 లో ప్రకటించిన పరిశోధనలో, మాటలు చదువు స్థాయిని లెక్కలోనికి తీసికొన్నంతనే నల్లవారికిని తెల్లవారికిని జ్ఞాపకాది పరీక్షలలో కనబడిన భేదములలో చాలభాగము తగ్గిపోయినదని చూపెను. దీని యర్థము గమనింపదగినది. మాటల పట్టిక కొలిచినది పుట్టుబుద్ధిని గాక, దొరకిన బడిని. ఆ పని కది చక్కని సాధనము. బడిని కొలిచి బుద్ధియని పేరు పెట్టుటయే మా యాక్షేపము. పూర్వస్థితిని తప్పుగ నూహించుట యెంత ధనసంబంధమైన విషయమో కూడ ఆ దేశమే చూపినది. తలదెబ్బలు తిన్న ఫుట్‌బాల్ ఆటగాండ్రకు పరిహార మిచ్చునపుడు, నల్లవారి పూర్వపు బుద్ధి మొదటినుండియు తక్కువ యని జాతినిబట్టి యెంచు పద్ధతి యుండెను; తక్కువనుండి పడినవాడు తక్కువ పడినట్లు గదా! దానిని విడిచెదమని ఆ క్రీడాసంఘము 2021 లో ఒప్పుకొనెను. సవరించిన యేర్పాటును న్యాయస్థానము 2022 లో అంగీకరించెను.

చదువునుబట్టి బుద్ధిని తీర్మానించుటకు మా మదనపల్లెయే యొక ప్రసిద్ధోదాహరణము నిచ్చినది. 1895 లో అచ్చట పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని బాల్యమున బడిలో మందమతి యని తలచి కొట్టుచుండిరని ఆయన జీవితచరిత్రకారులు వ్రాసినారు. పరధ్యానముగ నుండు ఆ బాలుని చదువు నానాడు కొలిచినచో ఏ యంకె వచ్చియుండునో చెప్పనక్కఱలేదు. పిమ్మట ఆయన మాటలను వినుటకు ఖండాంతరములనుండి జనులు వచ్చిరి.

అక్షరములను పోల్చుకొనుటలోనే కష్టపడు బిడ్డలు వేఱొక తెగ. డిస్లెక్సియా యనబడు ఈ స్థితిలో బుద్ధి చురుకుగనే యుండును. మాటను చూచి చదువుట మాత్రము కష్టము. మన దేశపు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము దీనిని నేర్చుకొనుటయందలి ప్రత్యేకలోపముగ గుర్తించినది. ఇట్టివారు పెద్దవారై తలకు దెబ్బ తగిలి వైద్యశాలకు వచ్చినచో, చదువుపట్టిక వారిని పుట్టుకతోనే మందులని చెప్పును. మఱియు డిమెన్షియాలో ఒక జాతి, మాటల యర్థములనే తొలుత తినివేయును. ఆ వ్యాధి గలవారు క్రమము తప్పిన ఆంగ్లపదములను అక్షరములనుబట్టి చదివి తప్పులు చేయుదురు. వారియందు నెల్సన్ పునాదిరాళ్లు గోడలకంటె ముందే కదలినవన్నమాట. కేంబ్రిడ్జినుండి వచ్చిన ‘ఆడెన్‌బ్రూక్స్’ పరీక్షలో ఇట్టి యైదు మాటలను చదివించుట బుద్ధిని గణించుటకు గాక ఈ వ్యాధిని కనిపెట్టుటకే. ఒకే విధమైన పట్టిక యొకచోట పూర్వబుద్ధికి సాక్షి, మఱియొకచోట వ్యాధికి సాక్షి. సాక్షి నెవరు పిలిచినారో చూడక సాక్ష్యమును నమ్మరాదు.

అక్షరము లేని బుద్ధికి సాక్ష్యము కావలసినవారు హైదరాబాదువైపు చూడవచ్చును. అచ్చటి నిమ్స్ వైద్యశాలలో డిమెన్షియా రోగుల వివరములను సువర్ణ అల్లాడి మున్నగువారు పరిశీలించి 2013 లో ప్రకటించిరి. రోగులు 648 మంది; అందు 391 మంది రెండు లేక అంతకంటె నెక్కువ భాషలు మాటలాడువారు. ఒకే భాష తెలిసినవారికంటె వీరికి వ్యాధి నాలుగున్నర యేండ్లు ఆలస్యముగ సోకినది. చదువురాని వారియందును ఈ భేదము కనబడుటయే ఆ వ్యాసమున మా మనస్సునకు హత్తుకొన్న విషయము. భాషలు నేర్చుటకు బడియే యక్కఱలేదు, సంత చాలును. పైన మేమూహించిన టమోటా రైతు మెదడునకు మూడు భాషల సంపద యున్నది. ఆ పరిశోధన కారణమును నిశ్చయించినదని మేమనము; ఒక వైద్యశాలకు వచ్చినవారి లెక్కయే అది. కాని మాటల పట్టిక చూడజాలని చోట చూడదగినది కలదని మాత్రము అది చూపినది.

మన దేశపు పరీక్షకులు ఈ విషయమున గ్రుడ్డివారని యెవరును తలపరాదు. ధార్వాడలో కామత్ పండితుడు బినే పరీక్షను కన్నడ మరాఠీ భాషలకు తగునట్లు 1934 నాటికే మార్చెను. భాటియా 1955 లో వెలువరించిన పరీక్షలలో చదువుట లేదు. దిమ్మెలు పేర్చుట, బొమ్మలు కూర్చుట, నమూనాలు గీయుట మున్నగునవి మాత్రమే. చదివిన బాలురకును చదువని బాలురకును ఆయన వేఱువేఱు ప్రమాణము లిచ్చెను. బెంగుళూరు నిమ్‌హాన్స్ వారు 2004 లో ప్రకటించిన పరీక్షావళియు చదువునుబట్టి ప్రమాణములను వేఱు చేసినది. హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెలలో పనిచేసినవారి యుపాయము అన్నిటికంటె సొగసైనది. పాశ్చాత్యుల చిన్నపరీక్షలో కాగితముపై ‘కన్నులు మూసికొనుము’ అని వ్రాసి, చదివి అట్లు చేయుమందురు. 1995 లో వెలువడిన హిందీ కూర్పులో కాగితమును తీసివేసి, ‘నా మొగము చూచి నేను చేసినట్లు చేయుము’ అని పరీక్షకుడు తన కన్నులు మూసికొనును. చదువుపరీక్ష యనునది లోపలకు జొరబడిన చోటును కనిపెట్టి, దానిని నొప్పి లేకుండ తీసివేసినారు.

పూర్వస్థితికి మనకున్న మేలైన సాక్షి యిల్లు. ఆస్ట్రేలియాలో జోర్మ్ అను పండితుడు 1989 లో కూర్చిన ప్రశ్నావళి రోగిని గాక ఇంటివారినే యడుగును: పదియేండ్ల క్రిందటితో పోల్చినచో ఈ పనిలో ఈయన యెట్లున్నాడు? రోగిని వేఱొకనితో గాక తనతోనే పోల్చుట దీని గుణము. ఇంటివారి మాటయు నిర్దోషమైనది కాదు. అత్తను గూర్చి కోడలిని, తండ్రిని గూర్చి భూమి కోరు కొడుకును అడుగునపుడు పరీక్షకుడు మెలకువతో నుండవలెను. అయినను పట్టికకంటె ఇంటికే ఆ మనుష్యుడు ఎక్కువ తెలిసినవాడు.

కావున పెద్దవారిని పరీక్షకు గొనిపోవువారు కొన్ని సంగతులను వ్రాసికొని పోవుట మేలు. ఎన్నియేండ్లు బడికి పోయినారు, ఏ భాషలో చదివినారు, బడి యెందుకు మానినారు. ఎన్ని భాషలు ఎవరితో మాటలాడుదురు. ఏ లెక్కలు తామే చూచుకొనెడివారు, ఆ పని యెప్పుడు మానినారు, ఎవరు మాన్పించినారు. కంటిచూపు, వినికిడి యెట్లున్నవో చెప్పవలెను. కన్నడకము మఱచివచ్చిన దినమున ఏ పట్టికయు సత్యము పలుకదు. పరీక్షకుడు ఆంగ్లపదముల కాగితమును చేతికిచ్చినచో, ఈయన ఆంగ్లము నేర్చినది ఏ తరగతినుండి, ఎన్నియేండ్లు అని ముందుగనే తెలిపి, ఆ మాటను అంకె ప్రక్కనే నివేదికలో వ్రాయుమని వినయముగ కోరవలెను.